అర్జెంటీనా – ఫ్రాన్స్ ఫైనల్: గెట్టు పంచాయితీ ఏ దిక్కు?

గడియారం సెంటర్ (నల్లగొండ) | గురువారం, 15 డిసెంబర్ 2022, ఉదయం 7:40

రాత్రి సెమీస్‌ల ఫ్రాన్స్ చేతిల మొరాకో లెక్క ఒడిసింది. ఆదివారం ఖతర్ లుసైల్‌ల ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్, మన టైం రాత్రి 8:30. షరతు ఒక్కటే. ఎవరు గెలుస్తరో చెప్పేటోళ్లు మైదానంల ఏ మూలన గెలుస్తరో, ఎవరి మీద గెలుస్తరో గూడ చెప్పాలె. "మెస్సీకి ఇదే ఆఖరుది, రాసిపెట్టి ఉన్నది" అనే పోస్టులు ఇక్కడొద్దు. బెట్టింగ్ లింకు పెడితే పోస్టు తీసేస్తం, పెట్టినోళ్లను గూడ తీసేస్తం.

ముందు ఖాతా రాస్త. రెండు జట్లూ ఆరారు మ్యాచ్‌లు ఆడినయి. అర్జెంటీనా 12 గోల్స్ కొట్టి 5 ఇచ్చింది. ఫ్రాన్స్ 13 కొట్టి 5 ఇచ్చింది. పైకి సమానమే, లోపల తేడా ఉన్నది. అర్జెంటీనా మూడు మ్యాచ్‌లల్ల ఒక్క గోల్ గూడ ఇయ్యలే (మెక్సికో, పోలండ్, క్రొయేషియా). ఫ్రాన్స్‌కు గోల్ ఇయ్యని మ్యాచ్ రాత్రిదే మొదటిది. ఇద్దరూ గ్రూపుల ఒక్కోటి ఓడిండ్రు: అర్జెంటీనా సౌదీ మీద 1-2, ఫ్రాన్స్ తొమ్మిది మందిని మార్చి ట్యునీషియా మీద 0-1.

ఇద్దరి మధ్య మొత్తం 12 మ్యాచ్‌లు. అర్జెంటీనావి 6, ఫ్రాన్స్‌వి 3, డ్రా 3. ప్రపంచ కప్పులల్ల 1930ల 1-0, 1978ల 2-1 అర్జెంటీనా, 2018ల కజాన్‌ల 4-3 ఫ్రాన్స్. ఇండ్ల పనికొచ్చేది కజాన్ మ్యాచ్ ఒక్కటే. అది గూడ సగమే.

---

పిల్లలమర్రి (మహబూబ్‌నగర్) | గురువారం, ఉదయం 9:15

కజాన్ సగమే ఎందుకు పనికొస్తదో నేను చెప్త. అప్పటి అర్జెంటీనా నుంచి ఇప్పుడు గట్టిగ మిగిలింది మెస్సీ, ఒటమెండి, టాగ్లియాఫికో, డి మరియా, అకున్యా. మిడ్‌ఫీల్డ్ మొత్తం కొత్తది. కాని ఆ రోజు దెబ్బ తగిలిన తీరు మాత్రం పాతబడలే. 11వ నిమిషంల ఎంబాపే తన సగంల బంతి అందుకొని ఉరికిండు, రోహో పెనాల్టీ బాక్సుల లాగి పడేసిండు, గ్రీజ్‌మన్ పెనాల్టీ కొట్టిండు. అర్జెంటీనా కార్నర్లకూ ఫ్రీ కిక్కులకూ పైకి పోయినప్పుడు ఎనక ఎంత మంది ఉంటున్నరు? అప్పుడూ అదే ప్రశ్న, ఇప్పుడూ అదే.

ఫ్రాన్స్ ఎట్ల గెలుస్తున్నదో జర చూడుండ్రి. రాత్రి బంతి ఎక్కువసేపు మొరాకో దగ్గర్నే ఉండె. ఎల్ యామిక్ బైసికిల్ కిక్ ఫ్రాన్స్ కీపర్ లోరిస్ చేతికి తాకి పోస్టుకు కొట్టుకున్నది, అది లోపలికి పోతే మ్యాచే వేరు. ఇంగ్లండ్ మీద గూడ అంతే, రెండో సగంల ఇంగ్లండే ఒత్తిడి పెట్టింది. అయినా రెండూ ఫ్రాన్సే గెలిచింది. చూసెటోళ్లు దీన్ని అదృష్టం అంటున్నరు. ఫ్రాన్స్ కోచ్ దేశాం 2018ల గూడ ఇట్లనే ఆడిచ్చిండు. బంతి నీకిస్తడు, నువ్వు ముందుకొచ్చినంక నీ ఎనక ఖాళీ జాగను తను తీసుకుంటడు. దానికి పరుగు తీసే ఎంబాపే ఉన్నడు, బంతిని ఆపి నిలబెట్టే జిరూ ఉన్నడు. పోలండ్ మీద కొట్టిన గోల్‌తో జిరూ 52 గోల్స్‌కు చేరి, ఫ్రాన్స్ తరఫున అందరికంటె ఎక్కువ కొట్టిన ఆన్రీని దాటిండు. ఇంగ్లండ్ మీద 78వ నిమిషంల గ్రీజ్‌మన్ క్రాస్‌కు తల పెట్టింది గూడ ఆయననే.

ఇంకోటి. పోగ్బా లేడు, కాంటే లేడు, బెంజెమా లేడు, ఎన్‌కుంకు లేడు, కింపెంబే లేడు. మొదటి మ్యాచ్‌లనే లూకా హెర్నాండెజ్ మోకాలు పోయింది. ఇంత మంది పోయినా ఫైనల్‌కొచ్చిన జట్టును తక్కువ అంచనా వెయ్యొద్దు. నా ఓటు ఫ్రాన్స్‌కు, 2-1.

---

సాగర్ కెనాల్ (మిర్యాలగూడ) | గురువారం, ఉదయం 11:02

పిల్లలమర్రి అన్నా, ఎంబాపే గురించి చెప్పినవు కాని ఎంబాపే ఎనక ఏమున్నదో చెప్పలే. ఈ ఫైనల్ పంచాయితీ అంత అక్కడ్నే ఉన్నది.

ఫ్రాన్స్ ఎడమ దిక్కు అంటే అర్జెంటీనాకు కుడి దిక్కు. ఆ దిక్కున ఫ్రాన్స్‌కు ఎంబాపే, ఆయన ఎనక లెఫ్ట్ బ్యాక్ (ఎడమ దిక్కు డిఫెండర్) టెయో హెర్నాండెజ్. ఎంబాపే కిందికి రాడు. అది బద్ధకం అనుకోవద్దు, దేశాం ఇచ్చిన సెలవు. టెయో ఏమో పైకి పోకుండ ఉండలేడు, రాత్రి 5వ నిమిషంల గోల్ గూడ ఆయనదే. ఇద్దరూ పైన ఉంటే ఆ మూల గెట్టు తెగిన పొలం తీరు అయితది, నీళ్లు ఎటు పోతయో చెప్పలేం. ఇంగ్లండ్‌కు రెండు పెనాల్టీలు ఎట్ల వచ్చినయో యాదికి తెచ్చుకోండ్రి. మొదటిది సాకా ఆ దిక్కు నుంచే లోపలికి కోసుకొస్తుంటే చువామెని కాలు అడ్డం పెట్టిండు. రెండోదాంట్ల టెయో స్వయంగ మౌంట్‌ను ఎనక నుంచి భుజంతోని నెట్టిండు, బంతి దిక్కు చూడనే లేదు. కేన్ రెండోది పైకి లేపిండు కాబట్టి ఫ్రాన్స్ బతికింది.

ఇప్పుడు అర్జెంటీనా దిక్కు చూడుండ్రి. అదే గెట్టు మీద మెస్సీ నిలబడతడు, కుడి గీతకూ నడిమికీ మధ్యల. ఆయన గూడ కిందికి రాడు. అంటే ఒకే గెట్టుకు అటు ఒకడు, ఇటు ఒకడు, ఇద్దరూ కాపలా కాయనోళ్లే. ఎవరి జట్టు తన మనిషి వదిలేసిన జాగకు ముందుగ వేరేటోణ్ని పంపుతదో, వాళ్లదే పైచెయ్యి.

అర్జెంటీనా దగ్గర ఆ పనికి డి పాల్, మొలీనా ఉన్నరు. నెదర్లాండ్స్ మీద 35వ నిమిషం గోల్ ఇంకోసారి చూడుండ్రి. మెస్సీ కుడి నుంచి నడిమికి అడ్డంగ ఉరుకుతున్నడు, డచ్చోళ్లంత ఆయన ఎంబడి జరుగుతున్నరు. మొలీనా మాత్రం గీత దగ్గర నుంచి లోపలికి, వాళ్ల వీపు ఎనక నుంచి వచ్చిండు. మెస్సీ తల తిప్పకుండనే కాళ్ల మధ్యల నుంచి బంతి దూర్చిండు. మొలీనా ఒక్క తాకుడు, గోల్. అదే పరుగు టెయో ఎనక తీస్తే పట్టుకునేటోడు ఎవరు? రాబియో ఒక్కడే. మరి రాబియో రాత్రి జ్వరంతోని ఆడనే లేదు.

---

కొత్తోడు22 | గురువారం, మధ్యాహ్నం 1:30

బెంజెమా ఫైనల్‌కొస్తడని వాట్సాప్‌ల తిరుగుతున్నది, నిజమేనా అన్నా?

---

గడియారం సెంటర్ | గురువారం, మధ్యాహ్నం 1:48

తమ్మీ, ఆయన తొడ కండరం దెబ్బతోని టోర్నీకి ముందే ఇంటికి పోయిండు. ఆయన జాగల ఇంకొకరిని రాసుకోలే, పేరు జాబితాల అట్లనే ఉన్నది. పుకారు పుట్టింది అక్కడి నుంచే. కాయితం మీద ఆడొచ్చు. కాని నెల రోజులు జట్టుతోని ఒక్క ప్రాక్టీసు గూడ లేనోణ్ని ఫైనల్‌ల దింపి, నాలుగు గోల్స్ కొట్టిన జిరూను ఏ కోచ్ గూసోబెడ్తడు? వదిలెయ్.

---

నంబర్ 6 (సూర్యాపేట) | గురువారం, రాత్రి 8:20

రెక్కల మీద అందరూ కొట్లాడుతున్నారు. మిడ్‌ఫీల్డ్ సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఈ కప్పులో ఫ్రాన్స్ ఉత్తమ ఆటగాడు నా లెక్కలో గ్రీజ్‌మన్. పుట్టుకతో ఫార్వర్డ్. పోగ్బా, కాంటే లేకపోయేసరికి దేశాం ఆయన్ని కిందికి దింపి మిడ్‌ఫీల్డర్ చేశాడు. చువామెని నడిమిట్లో నిలబడితే, ఎడమ వైపు రాబియో ఎంబాపే వదిలేసిన జాగా పూడుస్తాడు. గ్రీజ్‌మన్ కుడి వైపు కిందికొచ్చి బంతి లాక్కుంటాడు, వెంటనే తిరిగి పాస్ ఇస్తాడు. నిన్న మొరాకో మీద సొంత బాక్సులో క్లియరెన్సులు కూడా చేశాడు. ఆటగాడి జాగా మార్చి గెలవడం మనకు కొత్తేం కాదు. 1962 జకార్తా ఏషియాడ్‌లో తలకు దెబ్బ తగిలిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని మన హైదరాబాద్ రహీం సాబ్ ఫార్వర్డ్‌గా దింపారు. ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1 గెలుపులో ఒక గోల్ జర్నైల్‌దే. కోచ్ అనేవాడి తెలివి అక్కడే తెలుస్తుంది.

ఆ లెక్కన అర్జెంటీనా కోచ్ స్కలోనీ కూడా తక్కువోడు కాదు. ప్రతి నాకౌట్ మ్యాచ్‌కీ పాత్ర చూసి కొలత మార్చాడు. నెదర్లాండ్స్ ఇద్దరు వింగ్ బ్యాక్‌లతో వస్తే లిసాండ్రోని మూడో సెంటర్ బ్యాక్‌గా (నడిమి డిఫెండర్‌గా) పెట్టి 5-3-2 (అయిదుగురు డిఫెండర్లు, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు, ఇద్దరు ఫార్వర్డ్‌లు) ఆడాడు. క్రొయేషియాకు మోద్రిచ్, బ్రొజోవిచ్, కొవాచిచ్ ఉన్నారని లిసాండ్రోని తీసి పరేదెస్‌ని దింపి 4-4-2 చేశాడు. ఆ రోజు బంతి క్రొయేషియా దగ్గరే ఎక్కువ ఉంది, గోల్స్ మాత్రం 3-0.

ఫ్రాన్స్ మీద ఏ కొలత? ఇద్దరు సెంటర్ బ్యాక్‌లే ఉంటే జిరూ ఒకరిని కట్టేస్తాడు, రెండోవాడు ఎంబాపే వైపు జరగలేడు. అందుకే నా అంచనా మళ్లీ 5-3-2. రొమెరో కుడి సెంటర్ బ్యాక్‌గా మొలీనా వెనక కాపలా, ఒటమెండి జిరూ మీద. ఒక చిక్కుంది: లిసాండ్రో ఎత్తు 1.75 మీటర్లే. క్రాసులన్నీ ఆయన నెత్తి మీదికే వేయిస్తాడు దేశాం.

ఒక ముచ్చట మరిచిపోయాను. మొలీనా, డి పాల్, గ్రీజ్‌మన్ ముగ్గురూ అట్లెటికో మాడ్రిడ్‌లో ఒకే డ్రెస్సింగ్ రూం. మెస్సీ, ఎంబాపే పారిస్‌లో ఒకే డ్రెస్సింగ్ రూం. ఒకరి అలవాట్లు ఒకరికి తెలియనివి ఏమీ ఉండవు.

---

బత్తాయి తోట (నల్లగొండ) | గురువారం, రాత్రి 10:05

నంబర్ 6 భాయ్ లెక్క బాగనే ఉన్నది కాని 5-3-2 ఆడితే అర్జెంటీనా ముందుగాలనే భయపడ్డట్టు. నేను ఇంకో దిక్కు చూపిస్త. అందరూ ఫ్రాన్స్ ఎడమ మీద పడ్డరు, కుడిని ఎవరూ చూస్తలేరు.

ఫ్రాన్స్ రైట్ బ్యాక్ కూండే అసలు సెంటర్ బ్యాక్. ఆస్ట్రేలియా మ్యాచ్ తర్వాత పవార్‌ను గూసోబెట్టి ఈయనను అక్కడికి జరిపిండ్రు. ఎదురుంగ వచ్చేటోణ్ని మంచిగనే ఆపుతడు. కాని గీత పక్కన, ఒక్కడికి ఒక్కడు నిలబడి, ఎడమ కాలితోని బయటికీ లోపలికీ తిప్పేటోని ముందు ఆయనకు అలవాటు లేదు. ఆయన ముందున్న డెంబేలే సాయానికి వస్తడా? వచ్చినా ఫార్వర్డ్ తీరుగనే కాలు పెడ్తడు, బాక్సుల అది పెనాల్టీ అయితది.

డి మరియాను ఎడమ దిక్కున దింపాలె. కుడి దిక్కు కాదు. కుడిల పెడితే మెస్సీ జాగలకే వస్తడు, ఇద్దరూ ఒకరి కాళ్లు ఒకరు తొక్కుకుంటరు. ఎడమ గీత మీద నిలబెడితే రెండు లాభాలు. ఒకటి, కూండే నడిమికి జరగలేడు, వరాన్‌కూ కూండేకూ మధ్యల సందు పెద్దగైతది, దాంట్లకు మక్ అలిస్టర్ పరుగు తీస్తడు. రెండోది, మెస్సీ కుడిల బంతి పట్టి ఫ్రాన్సోళ్లను అంత అటు గుంజినంక, ఒక్క పొడుగు పాస్ ఇటు వేస్తే డి మరియా ఒక్కడే ఉంటడు. 2021 కోపా అమెరికా (దక్షిణ అమెరికా కప్పు) ఫైనల్‌ల బ్రెజిల్ మీద గోల్ డి పాల్ పొడుగు పాస్‌కే. ఆ రోజు అది కుడి దిక్కున బ్రెజిల్ డిఫెండర్ లోదీ ఎనక నుంచి వచ్చింది. ఇప్పుడు అదే ముచ్చట ఎడమకు మార్చాలె.

---

పిల్లలమర్రి | గురువారం, రాత్రి 10:31

బత్తాయి తమ్మీ, చెప్తుంటే మంచిగనే ఉన్నది. మరి డి మరియా కాలు ఏమంటున్నది? వయసు 34. పోలండ్ మ్యాచ్‌ల గంట కాంగనే తీసేసిండ్రు, ఆస్ట్రేలియా మీద ఆడలే, నెదర్లాండ్స్ మీద ఎక్స్‌ట్రా టైం చివర్ల వచ్చిండు, క్రొయేషియా మీద దిగనే లేదు. పదిహేను రోజులుగ ఒక్క సగం గూడ ఆడనోణ్ని ఫైనల్‌ల మొదటి నిమిషం నుంచి? పైగ ఆయన ముందుకు పోతే ఎనక లెఫ్ట్ బ్యాక్ మీదికి డెంబేలే, కూండే ఇద్దరొస్తరు.

---

బత్తాయి తోట | గురువారం, రాత్రి 10:44

90 నిమిషాలు ఆడుమని ఎవరన్నరన్నా? గంట ఆడితే సాలు. గంటల పని కాకపోతే ఆయన ఉన్నా కాదు.

---

వనపర్తి విజిల్ (వనపర్తి) | శుక్రవారం, 16 డిసెంబర్, ఉదయం 6:50

రిఫరీ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. ఫైనల్‌కు పోలండ్ రిఫరీ షిమన్ మార్చినియాక్. ఈ టోర్నీలోనే ఫ్రాన్స్–డెన్మార్క్, అర్జెంటీనా–ఆస్ట్రేలియా ఈయనే చేశాడు, రెండు జట్లకూ ఈయన తీరు తెలుసు. చిన్న తాకుళ్లకు ఆట ఆపడు, అడ్వాంటేజ్ (ఫౌల్ అయినా ఆట నడవనివ్వడం) ఎక్కువ ఇస్తాడు. క్వార్టర్ ఫైనల్లో అర్జెంటీనా–నెదర్లాండ్స్ మ్యాచ్‌లో కార్డులు వాన కురిసినట్టు కురిశాయి. ఆదివారం అలాంటిది ఆశించొద్దు.

కార్డుల సందేహం చాలామందికి ఉంది. క్వార్టర్ ఫైనల్ అయ్యాక ఒంటి పసుపు కార్డులన్నీ రద్దు. అందుకే పసుపు కార్డుల లెక్కతో ఫైనల్‌కు దూరమయ్యేవాళ్లు ఎవరూ లేరు. అకున్యా, మోంటియెల్ సెమీస్‌తో శిక్ష తీర్చుకున్నారు, ఇద్దరూ ఆడొచ్చు.

పెనాల్టీల విషయంలో తేడా గమనించండి. అర్జెంటీనాకు ఇప్పటిదాకా 4 వచ్చాయి: సౌదీ, పోలండ్, నెదర్లాండ్స్, క్రొయేషియా మీద. మెస్సీ మూడు కొట్టాడు, పోలండ్ మీదిది వాళ్ల కీపర్ ష్చెన్స్నీ ఆపాడు. ఫ్రాన్స్‌కు ఒక్కటీ రాలేదు, పైగా పోలండ్‌కు ఒకటి, ఇంగ్లండ్‌కు రెండు ఇచ్చింది. బాక్సులో ఫ్రాన్స్ ఆలస్యంగా కాలు పెడుతోందని దీని అర్థం, రిఫరీ ఎవరైనా సరే.

ఆఫ్‌సైడ్ (పాస్ ఇచ్చే క్షణంలో ఎదుటి డిఫెండర్ల గీత దాటి ఉండటం) ఇప్పుడు లైన్స్‌మన్ కన్నుతో ఆగడం లేదు. స్టేడియం పైకప్పు కింద 12 కెమెరాలు ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులను పట్టుకుంటాయి. బంతిలోని సెన్సర్ సెకనుకు 500 సార్లు సమాచారం పంపుతుంది. సౌదీ మీద మొదటి సగంలోనే అర్జెంటీనా మూడు గోల్స్ ఇలా ఎగిరిపోయాయి, లౌతారో భుజం ముక్క బయట ఉందని కూడా ఒకటి తీసేశారు. అయితే సౌదీ డిఫెండర్ల గీత దాదాపు మైదానం నడిమి దాకా వచ్చి నిలబడింది. ఫ్రాన్స్ అంత పైకి రాదు. కాబట్టి ఆ భయం ఫైనల్లో అర్జెంటీనా కంటే ఎంబాపేకే ఎక్కువ.

---

సాగర్ కెనాల్ | శుక్రవారం, సాయంత్రం 7:10

ఫ్రాన్స్ క్యాంపుల జ్వరం ఇంకా తగ్గలేనట్టున్నది. సెమీస్‌కు ఉపమెకానో, రాబియో లేకపాయె. ఇయ్యాల ప్రాక్టీసుకు వరాన్, కొనాటే, కోమన్ రాలేదట. ఒక్క రోజు విశ్రాంతి తేడా గూడ ఉన్నది, అర్జెంటీనా 13న ఆడింది, ఫ్రాన్స్ 14న.

---

పిల్లలమర్రి | శుక్రవారం, సాయంత్రం 7:25

9వ తారీఖున అర్జెంటీనా 120 నిమిషాలు ప్లస్ పెనాల్టీ షూటౌట్ ఆడింది, ఫ్రాన్స్ ఇంత వరకు ఎక్స్‌ట్రా టైంకు పోనే లేదు. అది గూడ రాయి తమ్మీ. ఇంకోటి, లుసైల్ అర్జెంటీనాకు ఇల్లు తీరు, నాలుగు మ్యాచ్‌లు అక్కడ్నే ఆడింది. ఫ్రాన్స్‌కు ఇదే మొదటిసారి. నాకు పనికిరాని ముచ్చట గూడ నేనే చెప్తున్న చూడు.

---

నంబర్ 6 | శుక్రవారం, రాత్రి 9:40

అర్జెంటీనా అభిమానులకు ఒక హెచ్చరిక. మీ జట్టుకు 2-0 మంచిది కాదు.

ఆస్ట్రేలియా మీద 2-0తో హాయిగా ఉన్నారు. 77వ నిమిషంలో గుడ్విన్ షాట్ ఎన్జో ఒంటికి తగిలి లోపలికి పోయింది. ఆఖరి నిమిషంలో కువోల్ ఎదురుగా నిలబడి కొట్టిన షాట్‌ను కీపర్ మార్టినెజ్ ఆపకపోతే ఎక్స్‌ట్రా టైమే. నెదర్లాండ్స్ మీద మళ్లీ 2-0. 83వ నిమిషంలో వెగోర్స్ట్ తల. ఇంజురీ టైం పదకొండో నిమిషంలో ఫ్రీ కిక్‌ను గోడ పక్కకు నేల మీదే తోశారు, మళ్లీ వెగోర్స్టే. మునుగోడు ఉప ఎన్నిక కౌంటింగ్‌లో మొదటి రౌండ్లలో లీడ్ అటూ ఇటూ అయినట్టు అయింది.

కారణం చెప్తాను. ముందంజలో ఉన్నప్పుడు అర్జెంటీనా నాలుగైదు గజాలు కాదు, ఇరవై గజాలు వెనక్కి పోతుంది. డి పాల్, మక్ అలిస్టర్ అలిసిపోయాక బంతి తీసిన ప్రతిసారీ తిరిగి ఎదుటివాళ్లకే పోతుంది. మెస్సీ ఒక్కడే పైన. సెంటర్ బ్యాక్‌గా ఇంకొకరిని దింపితే ఆ వెనకడుగు ఇంకా పెరుగుతుంది. ఫ్రాన్స్ బెంచీ మీద చూడండి: కోమన్, తురామ్, కోలో ముఆని, కమవింగా. మొరాకో మీద 65వ నిమిషంలో జిరూని తీసి తురామ్‌ను ఎడమకు పంపాడు దేశాం, ఎంబాపేని నడిమికి తెచ్చాడు. ఒక్క దెబ్బకు గెట్టు మీద కాపలా కుదిరింది, ఎంబాపే గోల్‌కి దగ్గరయ్యాడు. కోలో ముఆని దిగిన 44 సెకన్లకే గోల్. అలాంటి మార్పు ఆదివారం 70 తర్వాత కచ్చితంగా వస్తుంది. అప్పటికి అర్జెంటీనా వెనక్కి పోయి ఉంటే మొలీనాకు కాళ్లుండవు.

---

బత్తాయి తోట | శుక్రవారం, రాత్రి 10:02

ఇది మాత్రం ఒప్పుకుంట. 2-0 కాంగనే మూడోది కొట్టాలె. క్రొయేషియా మీద చేసింది అదే.

---

కొత్తోడు22 | శనివారం, 17 డిసెంబర్, ఉదయం 10:15

షూటౌట్ దాకా పోతే ఎవరిది? లోరిస్ మంచి గోల్ కీపరే కదా?

---

వనపర్తి విజిల్ | శనివారం, ఉదయం 11:30

మంచి కీపర్ కావడం వేరు, షూటౌట్ కీపర్ కావడం వేరు బాబూ. లోరిస్ ఫ్రాన్స్ తరఫున అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడాడు, ఇంగ్లండ్ మ్యాచ్‌తో లిలియన్ తురాం (ఇప్పటి తురామ్ తండ్రి) రికార్డు దాటాడు. కానీ యూరో 2020లో స్విట్జర్లాండ్ మీద షూటౌట్‌లో అయిదింటికి ఒక్కటీ ఆపలేదు. ఆ రోజు ఫ్రాన్స్ 3-1తో ముందుండి 3-3 చేసుకుంది, ఆఖరి కిక్ ఎంబాపే పోగొట్టాడు. ఎమిలియానో మార్టినెజ్ 2021 కోపా సెమీస్‌లో కొలంబియావి మూడు ఆపాడు, మొన్న నెదర్లాండ్స్ ఆటగాళ్లు వాన్ డైక్‌దీ బెర్గుయిస్‌దీ ఆపాడు. ప్రపంచ కప్ షూటౌట్‌లలో అర్జెంటీనా ఆరింట అయిదు గెలిచింది, 2006లో జర్మనీ మీద మాత్రమే ఓడింది. ఫ్రాన్స్ నాలుగింట రెండు.

పద్ధతి తెలుసుకుంటే చూడటం ఇంకా బాగుంటుంది. టాస్ రెండుసార్లు వేస్తారు, మొదటిది ఏ గోల్‌పోస్టు అని, రెండోది ఎవరు ముందు అని. ముందు కొట్టడానికే అందరూ ఇష్టపడతారు, రెండోవాడి మీద ప్రతిసారీ అప్పు ఉంటుంది కాబట్టి. కాలికి బంతి తగిలే క్షణంలో కీపర్ ఒక పాదమైనా గీత మీద, గీతకు సరిగ్గా పైన లేదా గీత వెనక ఉండాలి. మైదానంలో ఉన్నవాళ్లే కొట్టాలి. చిక్కు ఇక్కడే వస్తుంది. సాధారణ మార్పులు అయిదు, ఎక్స్‌ట్రా టైంలో ఇంకొకటి, మొత్తం ఆరు. దేశాం జిరూని, గ్రీజ్‌మన్‌ని ముందే తీసేస్తే అనుభవం ఉన్న కాళ్లన్నీ బెంచీ మీద కూర్చుంటాయి. ఎంబాపే తర్వాత కుర్రవాళ్లే మిగులుతారు. మొన్న అర్జెంటీనా వరస మెస్సీ, పరేదెస్, మోంటియెల్, ఎన్జో, లౌతారో. ఎన్జో ఒక్కడే బయటికి కొట్టాడు. ఆ అయిదుగురిలో ముగ్గురు బెంచీ నుంచి వచ్చినవాళ్లే. మార్పులు చేసేటప్పుడు స్కలోనీ ఆ లెక్క కూడా వేసుకుంటున్నాడని నాకు అనిపిస్తోంది.

---

గడియారం సెంటర్ | శనివారం, సాయంత్రం 6:00

తెర కట్టి అందరికీ చూపెట్టాలనుకునేటోళ్లు అడుగుతున్నరు, ఒక్క పోస్టుల చెప్తున్న. టీవీల స్పోర్ట్స్18, ఫోన్ల జియో సినిమా ఫ్రీ. ఫోన్‌కంటే డిష్ కనెక్షన్ ముందొస్తది. మీరు జియోల చూస్తుంటే పక్కింటోళ్లు టీవీల చూసి ముందే "గోల్" అని మొత్తుకుంటరు, మీకు మజా పోతది. అందుకే ప్రొజెక్టర్‌కు సెట్ టాప్ బాక్సే కలపండ్రి, జియోను ఎనక తయారుగ పెట్టుకోండ్రి. సౌండ్ ప్రొజెక్టర్ల నుంచి సాలదు, బయటి బాక్సుకు వైరు ముందే చూసుకోండ్రి. టైం లెక్క: 8:30కు మొదలు, ఈ టోర్నీల ఇంజురీ టైం బాగ ఇస్తున్నరు, 90 నిమిషాల ఆట అయితే 10:25 అటిటు. ఎక్స్‌ట్రా టైం పడితే 11:05 దాటుతది, షూటౌట్ అయితే 11:30. డిసెంబర్ మంచుల ఆరుబయట పెడితే ప్రొజెక్టర్ మీద మంచు పడకుండ పైన తాట్‌పత్రి కట్టండ్రి. దేవరకొండ, మాల్ దిక్కు పోయేటోళ్లు ఆఖరి బస్సు మీద ఆశ పెట్టుకోకుండ్రి.

---

పిల్లలమర్రి | ఆదివారం, 18 డిసెంబర్, ఉదయం 8:05

నిన్న ఫ్రాన్స్ క్యాంపుల అందరూ ప్రాక్టీసు చేసిండ్రట. జ్వరం ముచ్చట ఇగ బంద్. గోల్డెన్ బూట్ (ఎక్కువ గోల్స్ కొట్టినోళ్లకు ఇచ్చేది) గురించి అడుగుతున్నరు కాబట్టి: మెస్సీ 5, ఎంబాపే 5. సమానమైతే గోల్‌కు ఇచ్చిన పాసులు చూస్తరు, మెస్సీవి 3, ఎంబాపేవి 2. జిరూ, ఆల్వారెజ్ నాలుగేసి. నా లెక్క మారలే, ఫ్రాన్స్ 2-1.

---

నంబర్ 6 | ఆదివారం, ఉదయం 9:30

1-1, ఎక్స్‌ట్రా టైం. ఆ తర్వాత కీపర్ల తేడా. అర్జెంటీనా.

---

సాగర్ కెనాల్ | ఆదివారం, సాయంత్రం 7:28

జట్లు వచ్చినయి!

అర్జెంటీనా: ఎమిలియానో మార్టినెజ్, మొలీనా, రొమెరో, ఒటమెండి, టాగ్లియాఫికో, డి పాల్, ఎన్జో, మక్ అలిస్టర్, మెస్సీ, ఆల్వారెజ్, డి మరియా.

ఫ్రాన్స్: లోరిస్, కూండే, వరాన్, ఉపమెకానో, టెయో, చువామెని, రాబియో, డెంబేలే, గ్రీజ్‌మన్, ఎంబాపే, జిరూ.

---

నంబర్ 6 | ఆదివారం, సాయంత్రం 7:33

నా 5-3-2 గోవిందా. నలుగురు డిఫెండర్లే. పరేదెస్‌ని తీసి డి మరియాని పెట్టాడంటే స్కలోనీ కాచుకోవడానికి రావట్లేదు. రాబియో వచ్చాడు కాబట్టి ఎంబాపే వెనక ఖాళీ సగం పూడింది. మరి డి మరియా ఎటు? కాయితం మీద అందరూ కుడి అంటున్నారు.

---

పిల్లలమర్రి | ఆదివారం, సాయంత్రం 7:41

కుడినే. మెస్సీని నడిమికి జరిపి ఈయనను కుడిల పెట్టి, డి పాల్‌తోని కలిపి టెయో మీద ఇద్దరిని పంపుతడు. ఎప్పటి నుంచో ఆడే జాగ.

---

బత్తాయి తోట | ఆదివారం, సాయంత్రం 7:46

ఎడమ. వార్మప్ చూసి ఏం తెల్వదు. మొదటి కిక్ కాంగనే బంతి దిక్కు చూడకుండ్రి, కూండే ఎవరి ఎదురుంగ నిలబడ్డడో చూడుండ్రి.

---

గడియారం సెంటర్ | ఆదివారం, రాత్రి 8:27

దారం ఇక్కడ ఆపుతున్న, ఆట నడుస్తున్నప్పుడు ఎవరూ రాయకుండ్రి, సర్వర్ పడిపోతది. 90 నిమిషాలయినంక తెరుస్త. విజిల్ సార్, ఎక్స్‌ట్రా టైం పడితే మాత్రం మీరు ఫోన్ చేతిల పట్టుకోండ్రి.